అమ్మ ల్యాప్‌టాప్‌లో ఐకాన్లు: మార్చే హక్కు ఎవరిది?

మారతహళ్ళి_మావ:
ఒంగోలు నుంచి మా దగ్గరికొచ్చిన అమ్మకి నా పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్, దాని మీద కేడీఈ ప్లాస్మా డెస్క్‌టాప్ వేసిచ్చాను. ఆవిడ ఇంగ్లీషు చదవదు, బొమ్మలే గుర్తు. పాటలు, వీడియోలు ప్లే చేసే వీఎల్‌సీ యాప్ బొమ్మ రోడ్డు కోను. ఆవిడకి అది "జోకర్ టోపీ", నొక్కితే కీర్తనలు. ఆదివారం ఐకాన్ థీమ్, అంటే యాప్‌ల బొమ్మల సెట్టు మొత్తం, మార్చాను. అన్నీ ఒకేరకం బూడిద గుండ్రాలైపోయాయి. సోమవారం "ఒరే, నా టోపీ ఏదిరా?" అని ఆఫీసుకి ఐదు ఫోన్లు. చివరికి వీఎల్‌సీకి హార్మోనియం ఫొటో పెట్టాను. అయినా రోడ్డు మీద పెట్టే కోను చూసి పాటలని ఎవరికి తెలుస్తుందండీ? ఇలాంటి బొమ్మలు పెట్టే డెవలపర్లదే తప్పు.

కోడు_కాఫీ:
చేసింది థీమ్, తిట్లు మాకా? థీమ్‌లో అదే పేరుతో ఇంకో బొమ్మ ఉంటే డెస్క్‌టాప్ ముందు దాన్నే తీసుకుంటుంది. లేకపోతేనే హైకలర్ అనే డిఫాల్ట్ ఫోల్డర్‌లో మేం పెట్టిన అసలు బొమ్మ. అందుకే 2019లో గ్నోమ్ (కేడీఈ లాంటిదే ఇంకో లినక్స్ డెస్క్‌టాప్) వైపు డెవలపర్లు కొందరు మా యాప్‌లకు థీమ్‌లు తగిలించకండి అని బహిరంగ లేఖ రాశారు. ఇక కోను సంగతి. వీఎల్‌సీ 1996లో పారిస్ ఎకోల్ సెంట్రాల్ విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైంది. వాళ్లు రోడ్డు కోన్లు పోగేసేవాళ్లు. దానికో కథ ఉంది.

బీటీఎం_బ్యాచిలర్:
కథ ఉంటే కోను పాడుతుందా?

సిల్క్‌బోర్డ్_సిగ్నల్:
లేఖ పూర్తిగా చదవండి. డిస్ట్రోలు, అంటే లినక్స్‌ని ప్యాక్ చేసి ఇచ్చేవాళ్లు, తమంతట తాము థీమ్ వేసి జనానికి ఇవ్వడం మీద అది. సొంత సిస్టంలో ఏం మార్చుకున్నా అభ్యంతరం లేదని అందులోనే ఉంది.

మారతహళ్ళి_మావ:
విన్నారుగా! అసలు గ్నోమ్ వాళ్లు 2018లో, 3.28 వెర్షన్‌లో, డెస్క్‌టాప్ మీద ఐకాన్లనే తీసేశారు. మమ్మల్ని అడిగారా? కోను మాత్రం ముట్టుకోకూడదు!

కోడు_కాఫీ:
కోను వదలరా సార్? నాదో చిన్న ఖర్చుల యాప్ ఉంది. ఐకాన్ మా ఆవిడ గీసింది, ఇత్తడి మరచెంబు. చెంబు మెడ దగ్గర మెరుపు కోసమే మూడు రాత్రులు కూర్చుంది. ఒకాయన థీమ్ మార్చుకుని, చెంబు కనబడక, "అప్‌డేట్‌లో యాప్ ఎగిరిపోయింది" అని ఒక్క స్టార్ ఇచ్చాడు. అది ఇప్పటికీ అలాగే ఉంది. మీకేం, నా మెషీన్ అనేస్తారు.

మారతహళ్ళి_మావ:
మీ చెంబు పోయిందని మీ ఏడుపు. డెబ్బై ఏళ్ల మనిషి పాట పెట్టుకోలేక కూర్చుందని నాది.

కోడు_కాఫీ:
ఆవిడకి టోపీ బాగానే తెలుసు. అర్థంకానిది మీకు. మీ కంటికి బాగుండాలని థీమ్ మార్చారు. ఆవిడని అడిగారా?

బీటీఎం_బ్యాచిలర్:
అయిపోయాడు మావ.

మారతహళ్ళి_మావ:
అడగలేదు. సండే ఖాళీగా ఉండి మార్చాను. అయినా ల్యాప్‌టాప్ నాదే కదా.

సిల్క్‌బోర్డ్_సిగ్నల్:
ఇచ్చేశాక ఆవిడది. థీమ్ పాతదే పెట్టి, మెనూలో వీఎల్‌సీ మీద రైట్ క్లిక్ చేసి, ఎడిట్ అప్లికేషన్‌లోకి వెళ్లి అసలు ఐకాన్ ఎంచుకోండి.

మారతహళ్ళి_మావ:
రాత్రి అడిగాను. టోపీయే కావాలట. హార్మోనియం చూస్తే మా నాన్న గుర్తొస్తున్నాడట, అందుకే రెండు రోజులుగా నొక్కలేదట. తీసేశాను.

కోడు_కాఫీ:
అయ్యో. సారీ అండీ, కాస్త గట్టిగా అన్నాను.

మారతహళ్ళి_మావ:
పర్లేదు. కానీ కోను మాత్రం నాకు ఇప్పటికీ నచ్చలేదు.