బీడులో రెండున్నర మీటర్ల రాకెట్: పిలకాయల్ని ఎగరేయనియ్యాలా, వద్దా?

పామూరు పిలకాయ:
అందరికీ నమస్కారం. మెకానికల్ మూడో సంవత్సరం చదువుతుండా. అయిదుగురం కలిసి ఏడాదిగా ఒక రాకెట్ కడుతుండాం. పొడుగు రెండున్నర మీటర్లు, వెడల్పు నాలుగు అంగుళాలు. ఫైబర్‌గ్లాస్ గొట్టం, నాలుగు రెక్కలు, ముక్కులో జీపీఎస్ ట్రాకర్. మోటారుతో (అంటే లోపల ఇంధనం కాలే గొట్టం) కలిపి 9 కిలోలు. ఓపెన్‌రాకెట్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టి చూస్తే కె తరగతి మోటారుతో కిలోమీటరున్నర ఎత్తు పోతుందని చూపిస్తుండాది. పామూరు పక్కన మా మామకు బీడు ఉండాది. చుట్టూ కంది, జామాయిల్, అంతే. ఇల్లు లేదు, వాకిలి లేదు. కాలేజీలో అడిగితే "పోటీ ఏదన్నా వస్తే చూద్దాం" అని పంపించేశారు. మామ సరే అన్నాడు, నాయన ససేమిరా అంటుండాడు. సొంతంగా ఎగరేస్తే తప్పా? మోటారు యాడా దొరకలేదు కాబట్టి అది కూడా మేమే చేసుకుందామనుకుంటుండాం.

ఇల్లినాయ్‌లో కావలోడు:
తమ్ముడూ, చివర్లో మెల్లగా జారవిడిచావే ఆ మాట, ముందు దాని సంగతి తేల్చుకుందాం.

తెలియనివాళ్ల కోసం: మోటారు బలాన్ని అక్షరాలతో చెప్తారు. ఒక్కో అక్షరం ఎక్కేకొద్దీ బలం రెట్టింపు. జి అంటే 80 నుంచి 160 న్యూటన్-సెకన్లు. అది దాటి హెచ్ నుంచి హై పవర్ అంటారు. కె అంటే 1280 నుంచి 2560. అంటే నువ్వు హెచ్, ఐ, జె మెట్లు ఎక్కకుండానే ఏకంగా మిద్దె మీదకి దూకుతున్నావు. నేను ఇక్కడ మొదటి సర్టిఫికెట్ హెచ్ మోటారుతో తెచ్చుకున్నా. జె, కె, ఎల్ వాడాలంటే రెండో స్థాయి, దానికి రాత పరీక్ష కూడా ఉంటుంది. ఎమ్ నుంచి మూడో స్థాయి. ఆ స్థాయికి పోయినవాడు డ్రాయింగులన్నీ ముందే పెద్దలకు చూపించాలి. ఇంత చేసినా మోటారు మాత్రం కంపెనీది కొనుక్కునేదే. ఇక్కడ ఎన్‌ఏఆర్ అనే రాకెట్ సంఘంలో సొంత మోటారు అసలు కుదరదు. ట్రిపొలీ అనే ఇంకో సంఘంలో రెండో స్థాయి దాటినవాళ్లకే ఒప్పుకుంటారు, దానికి వేరే రోజు, వేరే నియమాలు. ఎగరేయడానికి నేను నీ పక్షమే. పొయ్యి మీద ఇంధనం కాచడానికి మాత్రం కాదు.

రొయ్యల గుంట:
అమెరికా సంగతులు మాకెందుకన్నా. మాది ఇందుకూరుపేట కాడ. రాకెట్ మాకు కొత్తా? శ్రీహరికోటలో లేచిందంటే మా మిద్దె మీదకి కనపడుద్ది. పిలకాయలు అన్నం కూడా మానేసి మిద్దె ఎక్కుతారు. కానీ ఆ రోజు పడవల్ని సముద్రంలోకి పోనీరు, ముందే చెప్తారు. అంత పెద్దోళ్లే సముద్రం ఖాళీ చేయించి వదులుతుంటే, మామ బీడులో వదుల్తానంటే ఎట్టబ్బా? మీ నాయన చెప్పిందే రైటు.

లెక్కల టీచరమ్మ, ఒంగోలు:
అందరూ పైకి పోవడం గురించే మాట్లాడుతున్నారు. నేను దిగే లెక్క వేస్తాను, పామూరు బాబు తప్పులుంటే దిద్దాలి.

ఎత్తు 1500 మీటర్లు, గాలి గంటకు 20 కిలోమీటర్లు అనుకుందాం, అంటే సెకనుకు అయిదున్నర మీటర్లు. పై నుంచే పెద్ద పారాచూట్ విప్పి సెకనుకు 6 మీటర్ల చొప్పున దించితే కిందికి రావడానికి 250 సెకన్లు. ఈలోపు గాలి దాన్ని దాదాపు 1400 మీటర్లు మోసుకుపోతుంది. అదే పైన చిన్న గొడుగు విప్పి సెకనుకు 20 మీటర్ల వేగంతో దించి, నేలకు 150 మీటర్లు ఉండగా పెద్దది విప్పితే మొత్తం 92 సెకన్లు పడుతుంది, కొట్టుకుపోయేది అర కిలోమీటరు.

రెండు గొడుగులూ విచ్చుకోకపోతే? సన్నటి ముక్కు, నున్నటి ఒళ్లు. నేలను తాకేటప్పటికి సెకనుకు 140 మీటర్లు సులువుగా ఉంటుంది, అంటే గంటకు 500 కిలోమీటర్లు. ఇంధనం కాలిపోయాక 8 కిలోల బరువు మిగిలిందనుకుంటే ఆ దెబ్బ 800 కిలోల చిన్న కారు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చి గుద్దినదానికి సమానం. అంత దెబ్బా నాలుగు అంగుళాల ముక్కు మీద పడుతుంది. చేలో కలుపు తీసేవాళ్లు ఉండరా?

పామూరు పిలకాయ:
లెక్క కరెక్టే టీచర్. మేం రెండో పద్ధతే పెట్టుకున్నాం. గాలి ఒత్తిడి చూసి ఎత్తు కొలిచే ఆల్టిమీటర్లు రెండు పెట్టాం. వేటి బ్యాటరీ వాటిది, వేటి వైర్లు వాటివి. ఒకటి చచ్చినా ఇంకోటి చార్జి (గొట్టాన్ని విడదీసి గొడుగుని బయటికి నెట్టే కొంచెం మందు) కాలుస్తుంది. నేల మీద ఆరుసార్లు విడదీసి చూశాం. మొదటి రెండుసార్లు గొట్టం ముక్కల్ని కలిపి పట్టుకునే నైలాన్ పిన్నులు తెగలేదు, లోపలే బిగుసుకుపోయింది. తర్వాత నాలుగుసార్లు శుభ్రంగా విడిపోయింది.

రొయ్యల గుంట:
ఆరుకి రెండుసార్లు బిగుసుకుపోయిందన్నమాట. నువ్వే చెప్పావు, నేను చెప్పలా.

సూళ్లూరుపేట పెద్దాయన:
కొన్నేళ్లు శ్రీహరికోట రాకెట్ రేంజిలో పనిచేసి రిటైరైనవాణ్ణి. (ఇప్పుడు మా ఊరు తిరుపతి జిల్లా అంటున్నారు గానీ నా నోటికి నెల్లూరే వస్తుంది.)

శ్రీహరికోట నుంచి మొట్టమొదట లేచింది ఆర్‌హెచ్-125, 1971 అక్టోబర్ 9న. 125 అంటే వ్యాసం, మిల్లీమీటర్లలో. మీ నాలుగు అంగుళాలంటే 100 పైచిలుకు. ఇంధనం, ఎత్తు వేరనుకోండి, ఒంటి వెడల్పులో మాత్రం మీరు దాని తమ్ముళ్లే. కాబట్టి దీన్ని ఆటబొమ్మ అనుకోకండి. అట్లని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. 1979 ఆగస్టు 10న మొదటి ఎస్‌ఎల్‌వీ-3 బంగాళాఖాతంలో పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదంటే పడేచోటు ముందే ఖాళీగా ఉంచారు గనక. మరుసటి ఏడు జూలై 18న అదే రకం రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. పడటానికి చోటు ఉంది కాబట్టే రెండోసారి ప్రయత్నించగలిగారు.

మీ ఆరు పరీక్షల్లో నాకు నచ్చినవి బిగుసుకుపోయిన ఆ రెండే. పిన్నులు ఎందుకు తెగలేదో రాసిపెట్టుకున్నారా? చార్జి చాలలేదా, గొట్టం ఎండకు సాగి జోడు బిగిసిందా? మధ్యాహ్నం మూడింటికి పామూరు ఎండలో ఆ జోడు ఎట్లా ఉంటుందో చూశారా?

పామూరు పిలకాయ:
ఎండలో చూడలేదు సార్. ఆరుసార్లూ రాత్రిపూట హాస్టల్ వెనకాల చేశాం.

ఒంగోలు వకీలు:
హాస్టల్ వెనకాల. సరే. ఇంతకీ ఆ చార్జి దేనితో చేశారో ఇక్కడ రాయవద్దు, ఊహించగలను.

ఎక్స్‌ప్లోజివ్స్ యాక్ట్, 1884. పేలుడు పదార్థం అంటే ఏమిటో చెప్పే నిర్వచనంలోనే గన్‌పౌడర్ ఉంది, బాణాసంచా ఉంది, రాకెట్లు అన్న మాటా ఉంది. తయారు చేసినా, దగ్గర పెట్టుకున్నా, వాడినా, బస్సులో తీసుకెళ్లినా లైసెన్సు ఏదని అడుగుతారు. దాని కింద 2008 నాటి నిబంధనలు, వాటిని చూసే పెసో అనే సంస్థ, నాగపూర్‌లో ప్రధాన కార్యాలయం. ఇదొక ఎత్తు. 1908 నాటి ఎక్స్‌ప్లోజివ్ సబ్‌స్టెన్సెస్ యాక్ట్ ఇంకో ఎత్తు. అనుమానం కలిగే పరిస్థితుల్లో దొరికితే, మంచి పని కోసమే పెట్టుకున్నానని రుజువు చేసుకోవాల్సింది దొరికినవాడే. అయిదుగురు కుర్రాళ్లు, రాత్రి, హాస్టల్ వెనకాల, వైర్లు, బ్యాటరీలు, టైమర్‌లాంటి డబ్బా. ఎస్సైగారి కళ్లతో ఒకసారి చూడండి.

ఇల్లినాయ్‌లో కావలోడు:
లాయర్ గారూ, ఇక్కడా ఇదే గొడవ నడిచింది. అమ్మోనియం పెర్‌క్లోరేట్ ఇంధనాన్ని పేలుడు పదార్థాల జాబితాలో పెడితే రెండు సంఘాలూ ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరిగి 2009లో తీయించుకున్నాయి. అది కాలుతుందే గానీ పేలదని వాళ్ల వాదన. మనవాళ్లూ అట్లా ఒక సంఘం పెట్టుకోని అడగొచ్చు కదా?

ఒంగోలు వకీలు:
అడగొచ్చు. అడిగేది ముందు, ఎగరేసేది తర్వాత. ఇల్లినాయ్ నుంచి తెచ్చిన తీర్పు ఇక్కడ చదివితే జడ్జిగారు మర్యాదగా వింటారు, అంతే.

పొదిలి బ్యారన్ బాబాయ్:
ఏందయ్యా మీరంతా కలిసి పిల్లోడిని జైల్లో పెట్టేట్టున్నారు. దీపావళికి ఊళ్లో తారాజువ్వ వదిల్తే అది ఎవరి గడ్డివాము మీద పడుద్దో దేవుడికి కూడా తెలవదు, దానికి లేని లెక్కలు దీనికా? వీళ్లు రెండు ఆల్టిమీటర్లు పెట్టారు, రెండు గొడుగులు పెట్టారు. సెల్లు పట్టుకోని కూర్చునేవాళ్ల కన్నా నయం కాదా?

నా మాట విను అబ్బాయ్. బీడు వద్దు. ఎండాకాలం బీడంటే మోకాటెత్తు ఎండుగడ్డి, నిప్పురవ్వ పడితే జామాయిల్ దాకా పోద్ది. పొగాకు రెలుపు అయిపోయి, మోళ్లు పీకి, దున్ని వదిలేసిన నల్లరేగడి చేను చూసుకో. గడ్డి పోచ ఉండదు. మా చేను ఇస్తా. పొగాకు ఆరబెట్టే బ్యారన్ల సీజన్ అయిపోయాక పొలాల్లో మనిషి కూడా కనపడడు.

లెక్కల టీచరమ్మ, ఒంగోలు:
బాబాయ్ గారూ, అగ్గి సంగతి బాగా చెప్పారు, అది నాకు తట్టలేదు. మరి మీ చేను ఎంత?

పొదిలి బ్యారన్ బాబాయ్:
ఎనిమిది ఎకరాలు, ఒకే చెక్క.

లెక్కల టీచరమ్మ, ఒంగోలు:
ఎనిమిది ఎకరాలంటే ఒక్కో పక్క 180 మీటర్లు. అర కిలోమీటరు కొట్టుకుపోయే వస్తువు పక్కవాళ్ల చేలో పడుతుంది.

ఇల్లినాయ్‌లో కావలోడు:
టీచర్ చెప్పింది చాలా ముఖ్యం. ఇక్కడి భద్రతా నియమం ప్రకారం ఎంత ఎత్తు ఎగరేస్తారో అందులో సగమన్నా మైదానం ఉండాలి, ఏ పక్క చూసినా. కిలోమీటరున్నరకి 750 మీటర్లు. మనుషులుండే ఇళ్లకి, బండ్లు తిరిగే రోడ్డుకి 1500 అడుగులు ఎడం. కె మోటారు కాల్చేటప్పుడు మనుషులు కనీసం 200 అడుగుల అవతల. గాలి గంటకు 20 మైళ్లు దాటితే ఆ రోజు సర్దుకోని ఇంటికి పోవడమే. ఇక్కడ ఒక్క రైతుకే మైలు పొడుగు మొక్కజొన్న చేను ఉంటుంది, కోత అయ్యాక ఇస్తాడు. మన జిల్లాల్లో 750 మీటర్ల చతురస్రం అంటే ఎంతమంది గెనాలు దాటాలో!

రొయ్యల గుంట:
140 ఎకరాలు దాకా వస్తుంది. అంతమంది సంతకాలు పెట్టిస్తే నేనే వచ్చి బటన్ నొక్కుతా.

పామూరు పిలకాయ:
అందరూ పోటీకి పొమ్మంటారు. 2025లో ప్రైవేటు రాకెట్లకి అనుమతులిచ్చే కేంద్ర సంస్థ ఇన్‌స్పేస్ వాళ్లు విద్యార్థులకి పోటీ పెట్టింది యాడ? ఉత్తరప్రదేశ్‌లో, కుశీనగర్ దగ్గర. రాకెట్ పెట్టెలో పెట్టుకోని రైల్లో అంత దూరం. కాలేజీ లెటర్, గైడు, ఖర్చులు. పెద్ద కాలేజీలోళ్లకి అయితే సరే. ప్రైవేటు కంపెనీ రాకెట్ విక్రమ్-ఎస్ 2022లో లేచింది మన పక్కనుంచే గదా. రాకెట్లన్నీ మన ఇంటి ముందర్నుంచే పోతాయి, మేం మాత్రం మిద్దె మీద నిలబడి చూడాలా?

సూళ్లూరుపేట పెద్దాయన:
ఈ ఒక్క మాట దగ్గర నాకు జవాబు లేదు నాయనా. దగ్గర్లో, అనుమతితో, ఏడాదికి రెండుసార్లన్నా చిన్న రాకెట్లు ఎగరేసుకునే చోటు పిల్లలకి ఒకటి ఉండాల్సిందే. ఎవరు పెట్టాలి, ఎవరి పూచీ మీద అన్నది వేరే తగాదా, దాని మీద ఈ పెద్దలంతా కలబడాల్సిన అవసరం ఉంది.

కానీ చోటు లేదన్న కోపంతో మోటారు కాచొద్దు. అది రేంజిలోనే ఒళ్లు దగ్గర పెట్టుకోని చేసే పని. ఇంధనంలో చిన్న గాలి బుడగ, కంటికి కనపడని బీట ఉంటే చాలు, నిప్పు లోపలికి దూరి కాలే వైశాల్యం పెరుగుతుంది, ఒత్తిడి పెరుగుతుంది, గొట్టం పగులుతుంది. అప్పుడు నీ రెండు ఆల్టిమీటర్లూ ఏం చెయ్యవు.

పామూరు పిలకాయ:
సరే సార్. మోటారు మాట వదిలేశాం, మిగతా నలుగురికీ చెప్పా. ఎండలో జోడు పరీక్ష రేపు చేస్తాం, ఉత్త గాలి పంపుతో. కాలేజీలో మళ్లీ లెటర్ అడుగుతా. మామ బీడు మాత్రం నేను వదల్ను, దాని చుట్టుపక్కల రైతులు అందరూ మా బంధువులే, సంతకాలు వస్తాయి.

పొదిలి బ్యారన్ బాబాయ్:
అట్టయితే ఒక మాట. ఇంతసేపటి నుంచి గాలి, గడ్డి, చట్టం అంటన్నారు. ఆ బీడు పక్కన కరెంటు లైన్లు ఏమన్నా పోతన్నాయా?

పామూరు పిలకాయ:
ఉండాది బాబాయ్. ఉత్తరం పక్క హైటెన్షన్ లైను. ఒక 400 మీటర్లు ఉంటుందేమో.

లెక్కల టీచరమ్మ, ఒంగోలు:
దక్షిణపు గాలి వీస్తే నేరుగా దాని మీదికే.

సూళ్లూరుపేట పెద్దాయన:
అయితే ఆ బీడు కాదు నాయనా. ఇంకోటి వెతుకు.