అప్‌డేట్: కార్పెట్ మెషిన్ బ్రష్‌లు మళ్లీ తిరుగుతున్నాయి

పోయిన వారం అడిగాను కదా, మా కార్పెట్ క్లీనింగ్ మెషిన్‌లో మోటార్ మోగుతోంది, నీళ్లు లాగుతోంది, బ్రష్‌లు మాత్రం తిరగట్లేదని. చాలామంది మోటార్ నుంచి బ్రష్‌లని తిప్పే బెల్టు చూడమన్నారు. చూశాను, తెగలేదు. అందుకే బెల్టు బాగానే ఉందనుకున్నాను. అక్కడే పొరబడ్డాను.

ప్లగ్ తీసేసి, మెషిన్‌ని పడుకోబెట్టి, కింది మూత విప్పాను. బ్రష్‌లు ఉండే రోలర్‌ని చేత్తో తిప్పి చూడమని ఒకరు చెప్పారు, ఆ మాటే పనికొచ్చింది. అసలు కదల్లేదు. రెండు చివర్లా వెంట్రుకలు, కార్పెట్ దారాలు తడిసి తాడులా బిగుసుకుపోయాయి. బ్లేడుతో కోసి లాగితే గుప్పెడు వచ్చాయి. తర్వాత బ్రష్‌లు గాల్లో తిరిగాయి కానీ కార్పెట్‌కి ఆనించగానే ఆగిపోయాయి. రోలర్ బిగుసుకున్నా మోటార్ తిరుగుతూనే ఉండటంతో బెల్టు రాసుకుని, సాగి, లోపలివైపు అద్దంలా నున్నబడింది. ఇక పట్టు ఎక్కడిది?

విజయవాడ గవర్నర్‌పేటలో షాపులో పాత బెల్టు చూపించి అదే సైజుది తెచ్చి వేశాను. రోలర్ శుభ్రం చేయకుండా బెల్టు ఒక్కటే మార్చకండి, కొత్తది కూడా అలాగే పాడవుతుంది.

నిన్న హాల్లో కార్పెట్ మొత్తం కడిగాను. ట్యాంకులో నీళ్లు చిక్కటి టీ రంగులో వచ్చాయి. సాయం చేసిన అందరికీ చాలా థ్యాంక్స్ అండీ.