సన్న గీత తెగితే తప్పు మెష్‌దా, లైటింగ్‌దా?

ప్యారిస్_ప్రెస్: చెన్నైలో స్క్రీన్ ప్రింటింగ్ చేసే మన తెలుగోళ్లు కాస్త చెప్పండి. ఆండర్సన్ స్ట్రీట్ షాపులకి శుభలేఖలు వేసిస్తుంటాం, ఇప్పుడొచ్చిన డిజైన్ బోర్డర్‌లో గీతలు 0.1 ఎంఎం. స్క్రీన్‌కి బిగించిన జాలీ గుడ్డ 120టి తెల్ల మెష్, దాని మీద డిజైన్ ఎక్కించే లైటింగ్‌కి ట్యూబ్‌లైట్ల బాక్స్. ఒక గీత బాగుంటే పక్కది మధ్యలో తెగుతోంది. మెష్ షాపాయన 150టి కొనమంటాడు, మా పనబ్బాయేమో లైటింగ్ సరిచేస్తే చాలంటాడు.

నెల్లూరు_తమ్ముడు: 150టి నే అన్నా, డౌటే లేదు. 120టి అంటే సెంటీమీటర్‌కి 120 పోగులు, పోగు నుంచి పోగుకి 83 మైక్రాన్లు, మీ గీత 100. నడిమధ్యలో పోగు పడిందంటే అటో 30 ఇటో 30 మైక్రాన్ల సందు, ఇంకు ఎట్లా దిగుద్ది? 150లో ఆ దూరం 67కి వస్తుంది.

వడపళని_స్క్రీన్స్: లెక్క కరెక్టే తమ్ముడూ, కానీ ఆయన తెల్ల మెష్ అన్నాడు చూడు, రోగం అక్కడుంది. తెల్ల పోగు మీద పడ్డ లైటు పోగు వెంబడి పక్కకి పాకి డిజైన్ ఫిల్ములో నల్లగీత కిందున్న ఎమల్షన్‌ని, అంటే లైటు తగిలితే గట్టిపడే పూతని కూడా గట్టిపరిచేస్తుంది, ఇంక ఎంత కడిగినా గీత తెరుచుకోదు. పసుపు మెష్ ఆ లైటుని మింగేస్తుంది, లైటింగ్ టైం కొంచెం పెంచాలంతే. పైగా ట్యూబ్‌లైట్లంటే లైటు అన్ని పక్కల నుంచీ వస్తుంది కాబట్టి ఫిల్ము ఇంకు వైపు ఎమల్షన్‌కి అతుక్కుని ఉండాలి, వ్యాక్యూమ్ ఉంటే మరీ మంచిది, ట్రేసింగ్ పేపర్ మీద లేజర్ ప్రింట్ అయితే అసలు ఆశే వద్దు, ఆ నలుపులోంచి లైటు దూరిపోద్ది. ఇంకోటి, మన ఊరి ఉక్కకి కోటింగ్ పైకి ఆరినట్టుంటుంది గానీ లోపల తేమ పోదు. కడిగేటప్పుడు స్క్వీజీ (ఇంకు లాగే రబ్బరు పట్టీ) వైపు వేలు పెట్టి చూడండి, జిగటగా జారుతుంటే లోపల ఇంకా పచ్చిగానే ఉంది.

నెల్లూరు_తమ్ముడు: పసుపు మెష్ ఒప్పుకుంటా. మరి పోగుకి సమాంతరంగా పడే బోర్డర్ గీత అంచు రంపం పళ్లలా వస్తుంది కదా, దానికి లైటింగ్ ఏం చేస్తుంది?

వడపళని_స్క్రీన్స్: ఏమీ చేయదు, నిజమే. దానికి ఆరాక ప్రింట్ వైపు ఇంకో కోటు వేయాలి, లేదంటే క్యాపిలరీ ఫిల్మ్ (రెడీమేడ్ ఎమల్షన్ పొర). మెష్‌ని 22.5 డిగ్రీలు వాలుగా లాగించినా పోతుంది గానీ క్లాత్ బాగా వేస్ట్.

కార్డ్స్_అక్క: అందరూ మెష్ మెష్ అంటున్నారు, ఇంకు ఏంటని ఒక్కరూ అడగరేం? గోల్డ్ అయితే 150 జోలికి పోవద్దు. గోల్డ్ పొడి రేణువు సైజు పోగుల మధ్య సందులో మూడో వంతు దాటితే మూసుకుపోతుంది, 150లో సందు 30 పైచిలుకు మైక్రాన్లే.

ప్యారిస్_ప్రెస్: గోల్డే అక్కా.

కార్డ్స్_అక్క: అయితే 120 పసుపు, పొడి బాగా సన్నగా ఉన్న గోల్డ్ తీసుకోండి. ఒకే స్క్రీన్ మీద నాలుగైదు లైటింగ్ టైమింగ్‌లు వేసి కడిగి చూశాకే అసలు స్క్రీన్ చేయండి.

నెల్లూరు_తమ్ముడు: గోల్డ్‌కి సరే అక్కా, అక్కడ మీ మాటే. నల్ల ఇంకుకి మాత్రం నా ఓటు 150కే, పసుపుది.