ట్రఫాల్గర్ ఆడేటప్పుడు గాలి లాక్ చేయాలా, వదిలేయాలా?

బ్రాడీపేట బాబాయి: మొన్న ఆదివారం మా ఇంట్లో కంప్యూటర్ గేమ్‌లో ట్రఫాల్గర్ పెట్టాం, 1805 అక్టోబర్ 21న స్పెయిన్ తీరం దగ్గర జరిగిన తెరచాప ఓడల యుద్ధం. బ్రిటిష్ వాళ్లవి 27 ఓడలు, ఫ్రాన్స్, స్పెయిన్ వాళ్లవి కలిపి 33. తీరా చూస్తే మనవాడు గాలిని ఇష్టమొచ్చినట్టు తిరిగేలా పెట్టాడు. నిజంగా గెలిచిన బ్రిటిష్ దళపతి నెల్సన్ ఇక్కడ ఓడిపోయాడు! ఆ రోజు పడమటి నుంచి సన్నగాలి. దాన్ని తిరగకుండా లాక్ చేయకపోతే అది ట్రఫాల్గరే కాదు.

కృష్ణలంక కుర్రాడు: దొంగతనం చేసినట్టు రాయకండి బాబాయ్. అందరి ముందే మార్చాను, మీరు టీ పెట్టడానికి లేచారు. గాలి ఎప్పుడు తిరుగుతుందో నెల్సన్‌కి తెలుసా? 1782 జూలై 6న నాగపట్నం దగ్గర ఫ్రెంచి దళపతి సఫ్రెన్, బ్రిటిష్ దళపతి హ్యూస్ కొట్టుకుంటుంటే మధ్యలో గాలి తిరిగి రెండు వరసలూ చెదిరిపోయాయి. ముందే తెలిసిన గాలితో ఆడటమంటే జవాబు చూసి లెక్క చేయడమే.

బందరు లడ్డు: ముందు ఆ పీసీ ఫ్యాన్ మార్చండి. దాని మోతకి ఫిరంగులు వినపడట్లేదు.

బ్రాడీపేట బాబాయి: నాగపట్నం ఎందుకిప్పుడు? ఇక్కడ సన్నగాలే అసలు కథ. అవతలి వరస ముందున్న ఫ్రెంచి దళపతి డ్యుమన్వార్ వెనక్కి తిరగాలంటే గాలి చాలక, పడవలు దించి ఓడల్ని లాగించాల్సి వచ్చింది. వచ్చేసరికి అయిపోయింది. నీ ఆటలో అరగంటలో వచ్చేశాడు. మా తాత ఏలూరు కాలవలో పడవ నడిపాడు. గాలి పడిపోతే గట్టెక్కి తాడు భుజాన వేసుకుని లాగేవాడు, భుజం కాయ కాసింది. నీకు గాలంటే మౌస్‌తో జరిపేది.

కృష్ణలంక కుర్రాడు: తాతగారి మీద గౌరవమే. కానీ నెల్సన్ ఓడలు ముక్కు ముందుకు పెట్టి వస్తున్నంతసేపూ పక్క ఫిరంగులు పేల్చలేవు కదా. అయినా నిలిచాయంటే, పెద్ద అలలకి అవతలి ఓడలు ఊగి గురి తప్పింది, వాళ్ల సిబ్బందికి సాధనా తక్కువ. మన గేమ్‌లో అందరి గురీ ఒకటే. అది మీకు పట్టదు.

బ్రాడీపేట బాబాయి: నేను గాలి గురించి అడిగాను. దానికి చెప్పు.

పటమట పంతులు: తెల్లారి ఒకరికొకరు కనపడితే మొదటి గుండు పేలింది మధ్యాహ్నానికి. ఆ గాలే లాక్ చేస్తే నా బెజవాడ ప్యాసింజర్ వెళ్లిపోతుంది.

కృష్ణలంక కుర్రాడు: సరే, చెప్తా. ఆరు ఆదివారాలుగా విల్నవ్, అదే ఆ ఓడిపోయిన ఫ్రాన్స్, స్పెయిన్ ఓడల దళపతి, ఎవరు? నేనే. ఇల్లు మీది, పీసీ మీది, నెల్సన్ మీరు. విల్నవ్ ఆ పొద్దున వరస మొత్తాన్ని కాడిజ్ రేవు వైపు వెనక్కి తిప్పి చెడగొట్టుకున్నాడు కాబట్టి నేనూ వారం వారం తిప్పాలి. మీరు ఒక్క ఓడ పోకుండా గెలవాలి. బెజవాడ నుంచి టికెట్ కొనుక్కుని ఓడిపోవడానికా వచ్చేది?

బ్రాడీపేట బాబాయి: గెలవడానికి కాదురా. అది ఎలా జరిగిందో కళ్లారా చూద్దామని పెట్టుకున్నాను.

కృష్ణలంక కుర్రాడు: నాకేమో ఇంకోలా జరిగేదా అని చూడాలని. ఈ ముక్క ముందే అంటే ఇంత రాసేవాణ్ణా?

బందరు లడ్డు: అయితే ఈ వారం బాబాయే విల్నవ్.

బ్రాడీపేట బాబాయి: గాలి లాక్ చేస్తేనే.