"చంపినను… కనిపెట్టుచున్నాను": యోబు 13:15 గురించి

తెనాలి పాఠకురాలు:
మా మేనత్తది దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత ఆవిడ ఏ కష్టం వచ్చినా ఒకటే మాట అనేది: "ఆయన నన్ను చంపినను ఆయనయందే నమ్మికయుంచుదును." ఇంట్లో మనిషికి ఒంట్లో బాగాలేక ఈమధ్య నాకు రోజూ ఇదే గుర్తొస్తోంది. తీరా బైబిల్ తీసి చూస్తే, ఏ తప్పూ లేకుండా బిడ్డల్నీ ఆస్తినీ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబు మాటల్లో, యోబు 13:15లో, "ఇదిగో ఆయన నన్ను చంపినను నేను ఆయనకొరకు కనిపెట్టుచున్నాను" (ఎదురు చూస్తున్నాను) అని ఉంది, నమ్మిక అనే మాటే లేదు. ఆవిడ చెప్పిన పాఠం ఏ అచ్చులోది? లేక ఏదైనా కీర్తనలోదా? ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

పాత అచ్చు:
అచ్చులోది కాదమ్మా, ప్రసంగాల్లోది అయ్యుంటుంది. దొర ఇంగ్లీషులో బోధిస్తుంటే పక్కన ఒకరు నిలబడి అప్పటికప్పుడు తెలుగులో చెప్పేవారు కదా. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో ఇక్కడ ఉన్నది నమ్మడమే. ఆ నోటి తెలుగు మీ మేనత్తగారి చెవిలో నాటుకుపోయి ఉంటుంది.

బండి-ఱ:
నమ్మికా, కనిపెట్టడమా అన్నది తర్వాత సంగతి, అసలు పేచీ హీబ్రూలో "లో" అనే ఒక్క మాట మీద. అలెఫ్ అనే అక్షరంతో రాస్తే "లేదు, కాదు" అని, వావ్ అనే అక్షరంతో రాస్తే "ఆయన కొరకు" అని. నోటితో పలికితే రెండూ ఒకటే. మసోరా ప్రతుల్లో, అంటే యూదు పండితులు కాపాడుకొచ్చిన హీబ్రూ బైబిల్ ప్రతుల్లో, పాఠంలో రాసి ఉన్నది అలెఫ్, అంటే "ఆయన నన్ను చంపుతాడు, నాకిక ఆశ లేదు" అని. అంచున మాత్రం వావ్‌గా చదువుకోమని ఉంది. మన తెలుగువాళ్లు అంచున ఉన్నదాన్ని తీసుకున్నారు. నా మటుకు నాకు పాఠంలో ఉన్నదే సరైనది, ఆ అధ్యాయమంతా చదివితే యోబు అక్కడ ఆశతో మాట్లాడుతున్నట్టు ఉండదు.

అరసున్న:
ఇదే "లో" తగాదా కీర్తన 100:3లో కూడా ఉంది బండి-ఱ గారూ, అది వదిలేశారు. "ఆయనే మనలను పుట్టించెను మనము ఆయన వారము" అని మనం చదువుతాం. అక్కడ 1611 వాళ్లు అలెఫ్ పట్టుకుని "మనల్ని మనం చేసుకోలేదు" అన్నారు, యోబు దగ్గరికి వచ్చేసరికి వావ్ వైపు వెళ్లారు. మనవాళ్లు రెండు చోట్లా వావ్ మీదే నిలబడ్డారు. అంచున ఏముంటే అది గుడ్డిగా రాసేశారన్నట్టు మాట్లాడకండి.

ఛందోభిమాని:
ఇంతమంది ఇన్ని అంటున్నారు, పోతన ఒక్కరికీ గుర్తు రాలేదా? "కలఁడు గలండనెడివాఁడు గలఁడో లేఁడో" దగ్గర జరిగింది ఇదే కదా. ఉన్నాడు, లేడు రెండూ ఒకే పాదంలో ఒకే మనిషి నోట. ఆ వెనకే "లావొక్కింతయు లేదు" వస్తుంది, అందులోనే "నీవే తప్ప నితఃపరం బెఱుఁగ" అంటాడు. మొసలి నోట్లో కాలు పెట్టుకుని లేడేమో అన్నవాడే రావే అని కూడా అన్నాడు. యోబు దగ్గర అలెఫ్, వావ్ రెండూ ఉండనివ్వండి, ఒకటి తీసేస్తే ఆ వాక్యంలో ప్రాణం పోతుంది.

బండి-ఱ:
పోతన మీద నాకూ ప్రేమే గానీ గజేంద్రుడి దగ్గర పాఠభేదం లేదు మాస్టారూ, అది సందేహం. ఇది రాతలోనే తేడా. యూదుల పాత ధర్మశాస్త్ర సంకలనం మిష్నాలో సోటా అనే భాగం 5:5 చూడండి, యోబు దేవుణ్ణి సేవించింది ప్రేమతోనా భయంతోనా అని చర్చ వచ్చి ఈ వాక్యం తీస్తారు. "కనిపెట్టుచున్నాను" అనా, "కనిపెట్టను" అనా అన్నది తేలలేదని వాళ్లే ఒప్పుకుని, చనిపోయేదాకా యథార్థతను విడువనని యోబు అన్న 27:5 ఆధారంగా ప్రేమతోనే అని తీర్పు చెబుతారు. ఈ ఒక్క వాక్యం మీదే అయితే వాళ్లకీ తేలలేదు.

తెనాలి పాఠకురాలు:
ఇవన్నీ బాగున్నాయి గానీ ఒకటి అడగనా? ఆశ లేకపోతే కనిపెట్టడం దేనికి? మా మేనత్త ఇద్దరు పిల్లల్ని ఆ రాత్రి పోగొట్టుకుంది. ఆవిడకి ఆశ ఉందని నేను చెప్పలేను. ప్రార్థన మాత్రం మానలేదు.

పాత అచ్చు:
అందుకే తెలుగులో పడ్డ "కనిపెట్టు" నాకు ఇష్టం. నమ్మకం మనసులోది, ఇది కళ్లతో చేసే పని. జ్వరంతో ఉన్న పిల్లాణ్ణి కాస్త కనిపెట్టుకుని ఉండు అంటాం చూడండి, ఏం జరుగుతుందో తెలియకపోయినా చూపు మరల్చం. కీర్తన 130లో కావలివారు ఉదయం కోసం చేసేదీ ఇదే. కొన్ని సంఘాల్లో ప్రార్థనలో మాటలు ఆపి ఊరికే కూర్చోవడాన్ని ఇప్పటికీ కనిపెట్టడం అనే అంటారు.

అరసున్న:
అలాగైతే యెషయా 40:31లో "యెహోవాకొరకు ఎదురు చూచువారు" అని ఎందుకు రాశారు? హీబ్రూలో క్రియ వేరు కాబట్టి అనకండి. కీర్తన 27:14లో ఉన్నదీ అదే క్రియ, అక్కడేమో "కనిపెట్టుకొని యుండుము" అన్నారు. మీరన్న తేడా అనువాదకుల మనసులో ఉందనడానికి ఆధారం లేదు. నన్నడిగితే ఈ వాక్యంలో బలమంతా "చంపినను"లో ఉంది. దానియేలు 3:18లో "ఒకవేళ ఆయన రక్షింపకపోయినను", హబక్కూకు 3:17లో "పూయకుండినను, ఫలింపకపోయినను" అని వరసగా. మూడు చోట్లా ఆ "-ఇనను" మీదే విశ్వాసం నిలబడింది.

బండి-ఱ:
అక్కడే చిక్కు. హీబ్రూలో ఉన్నది "హేన్" ఒక్కటే, దాన్ని ఇదిగో అనొచ్చు, అయితే అనొచ్చు. తెలుగులో "ఇదిగో" పెట్టి, మళ్లీ "చంపినను" కూడా పెట్టారు. ఒక్క మాటకి రెండుసార్లు వెల కట్టినట్టు అయింది.

ఛందోభిమాని:
మీరు వ్యాకరణం దగ్గరే ఆగిపోతున్నారు. వాక్యం రెండో సగం ఎవరూ ఎత్తలేదు: "ఆయన సన్నిధిని నా ప్రవర్తన న్యాయమని" రుజువు చేస్తానంటున్నాడు! ఈయన ఓర్చుకుని మాట్లాడకుండా కూర్చున్న మనిషి కాదు, వాదానికి దిగినవాడు. ఇది చదివినప్పుడల్లా నాకు జాషువా గుర్తొస్తాడు. 1941 నాటి గబ్బిలంలో గుడిలోకి రానివ్వని మనిషి తన గోడు గబ్బిలంతో శివుడికే చెప్పి పంపుతాడు. ఆ కవే తర్వాత క్రీస్తు చరిత్ర రాసి 1964లో సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నాడు. ఫిర్యాదు చేసేవాడు ఎదుటివాడు వింటాడని అనుకోకపోతే చెయ్యడు. కష్టంలో ఉన్నవాళ్లకి "ప్రశ్నించకు, నమ్ము" అని చెప్పే బోధకులు యోబు నోట్లోంచి సగం వాక్యమే తీసుకుంటున్నారు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

పాత అచ్చు:
జాషువాని ఇలా యోబు పక్కన కూర్చోబెట్టడం నాకు నచ్చదు. గబ్బిలంలో గోడు కులం మీద, మనుషుల మీద. యోబు తగువు నేరుగా దేవుడితోనే.

ఛందోభిమాని:
మనుషుల మీద గోడు దేవుడికెందుకు చెప్పాడో మీరే ఆలోచించండి అన్నా.

తెనాలి పాఠకురాలు:
రెండో సగం మా మేనత్త ఎప్పుడూ చెప్పలేదు. నాకిప్పుడు మొదటి సగం కన్నా అదే ఎక్కువ కావాలనిపిస్తోంది. రాత్రుళ్లు నేను చేసేది ప్రార్థన అనుకోలేదు, పోట్లాట అనుకున్నాను.

బండి-ఱ:
అయితే "సన్నిధిని" అన్నది కూడా చూడమ్మా. మూలంలో "ఎల్ పానావ్", ఆయన ముఖం ఎదుట అని. 2:5లో సాతాను పందెం వేసినప్పుడు వాడిన మాటా ఇదే, అక్కడ తెలుగులో "నీ ముఖము ఎదుటనే దూషించి" అని సరిగ్గా ఉంది. వాడు ముఖం ఎదుట దూషిస్తాడన్నాడు, యోబు అదే ముఖం ఎదుట వాదిస్తానంటున్నాడు. "సన్నిధిని" అనేసరికి ఆ ముడి తెలుగులో తెగిపోయింది.

అరసున్న:
తెగలేదు. సన్నిధి అంటే ఎదురుగా, దగ్గరగా ఉండడమే. గుడి మాటా చర్చి మాటా అయ్యాక మనకి మెత్తగా వినిపిస్తోందంతే. ఆ రోజుల్లో ఎలా వినిపించేదో తెలియకుండా తప్పు అనకండి.

బండి-ఱ:
తప్పనలేదు, 2:5లో వాడిన మాటే ఇక్కడా ఎందుకు వాడలేదని అడుగుతున్నా.