క్యాబినెట్ పనికి సీఎన్‌సీ రౌటర్: చిన్నదానితో మొదలుపెట్టాలా, వాక్యూమ్ బల్ల ఉన్నదే కొనాలా, అసలు రౌటరే ముందు కొనాలా?

ప్రశ్న (కర్నూలు, షాపు యజమాని)

సభ్యులందరికీ నమస్కారం. కర్నూలులో మాకు వంటగది క్యాబినెట్లు, వార్డ్‌రోబ్‌లు చేసే షాపు ఉంది. నలుగురు మేస్త్రులు పని చేస్తున్నారు. ఇప్పటిదాకా టేబుల్ సా మీద ప్లైవుడ్ కోసి, ముక్కలకు మైకా అతికించి, ట్రిమ్మర్‌తో అంచులు సరిచేసి, హింజ్ గుంతలను చేతి డ్రిల్లుతోనే వేస్తున్నాం. పని నాణ్యత మీద ఫిర్యాదు లేదు కానీ, చెప్పిన గడువుకు అప్పగించడం కష్టమవుతోంది.

అందుకే కంప్యూటర్ ఆదేశాలతో షీటును తానే కోసి, రంధ్రాలు వేసే సీఎన్‌సీ రౌటర్ కొనాలనుకుంటున్నాను. నా దగ్గర రెండు కొటేషన్లు ఉన్నాయి. మొదటిది 1325 సైజు (బల్ల సుమారు 1300×2500 మి.మీ.) రౌటర్: నీటితో చల్లబడే 3 కిలోవాట్ల స్పిండిల్ (టూలును తిప్పే మోటారు), దాన్ని అటూ ఇటూ నడిపే స్టెప్పర్ మోటార్లు, క్లాంపులు బిగించే టీ-స్లాట్ బల్ల, చేతిలో పట్టుకునే డీఎస్‌పీ కంట్రోలర్. రెండవది అదే సైజులో 9 కిలోవాట్ల స్పిండిల్, టూళ్లను తానే మార్చుకునే ఏటీసీ, తమ స్థానాన్ని తామే సరిచూసుకుంటూ నడిచే సర్వో మోటార్లు, గాలి పీల్చి షీటును పట్టి ఉంచే వాక్యూమ్ బల్ల ఉన్న యంత్రం. రెండింటి ధరల మధ్య దాదాపు మూడు రెట్ల తేడా ఉంది. చిన్నది కొని, సంపాదించుకున్నాక పెద్దదానికి వెళ్లమని కొందరు, ఆ డబ్బు వృథా అని మరికొందరు చెబుతున్నారు. ఈ పని స్వయంగా చేస్తున్నవారి అభిప్రాయం కావాలి.

జవాబు 1 (కడప, తలుపుల చెక్కుడు పని)

అన్నగారూ, చిన్న యంత్రాన్ని అంత తేలిగ్గా తీసివేయవద్దని నా మనవి. మా షాపులో స్టెప్పర్ మోటార్ల యంత్రమే ఉంది. సింహద్వారాలు, పూజగది తలుపులు, ఎండీఎఫ్ (చెక్క పీచును ఒత్తి చేసిన బోర్డు) జాలీలు రోజంతా దాని మీదే నడుస్తాయి. మన జిల్లాల్లో ఇల్లు కట్టుకునేవారు వంటగది విషయంలో ఎంత బేరమాడినా, ముఖద్వారం చెక్కుడుకు మాత్రం మనసుపెట్టి ఖర్చు చేస్తారు. క్యాబినెట్ ఆర్డర్లు తగ్గిన నెలల్లో ఇతర వడ్రంగుల తలుపులకు జాబ్ వర్క్ చేస్తే వాయిదా కట్టుకోవచ్చు. చెక్కుడు పనిలో ఒకే టూలు గంటల తరబడి నడుస్తుంది కనుక ఏటీసీ లేదన్న లోటు తెలియదు. టేకు పలకను క్లాంపులతో బిగిస్తే చాలు, వాక్యూమ్ అవసరం రాదు. చెడిపోయినప్పుడు స్టెప్పర్ మోటారు గాని, డ్రైవర్ గాని మనమే తెప్పించి మార్చుకోగలం. సర్వో యంత్రం ఆగిపోతే ఇంజనీరు వచ్చేదాకా ఎదురుచూడవలసిందే.

జవాబు 2 (అనంతపురం, మాడ్యులర్ క్యాబినెట్ యూనిట్)

కడప అన్నగారు చెప్పినదంతా చెక్కుడు పనికి సంబంధించి నిజమే. కానీ ప్రశ్న క్యాబినెట్ల గురించి. తలుపు చెక్కేటప్పుడు యంత్రం ఎక్కువసేపు నడవడమే సంపాదన. క్యాబినెట్ షీటు విషయంలో అది ఎంత త్వరగా ఆగి తర్వాతి షీటుకు చోటిస్తే అంత లాభం. అందువల్ల క్యాబినెట్ల కోసమే కొనేవారు వాక్యూమ్ బల్ల, ఏటీసీ ఉన్న యంత్రం కొనాలి, లేదంటే రౌటర్ ఆలోచనే వాయిదా వేసుకోవాలి అన్నది నా దృఢమైన అభిప్రాయం. నడిమి దారి నష్టదాయకం. ఎందుకో కొంచెం వివరంగా చెబుతాను.

ముందుగా కోత లెక్క చూడండి. 8×4 అడుగుల షీటు నుంచి క్యాబినెట్ ముక్కలు తీస్తే కోత పొడవు మొత్తం 30 మీటర్ల దాకా వస్తుందనుకుందాం. 3 కిలోవాట్ల స్పిండిల్, స్టెప్పర్ మోటార్లతో 18 మి.మీ. ప్లైవుడ్‌ను ఒకేసారి తెంచడం మంచిది కాదు. 6 మి.మీ. చొప్పున మూడు సార్లు దిగాలి. అంటే 90 మీటర్ల ప్రయాణం, నిమిషానికి 5 మీటర్ల వేగంతో 18 నిమిషాలు. పెద్ద యంత్రంలో 18,000 ఆర్‌పీఎం, రెండు అంచుల టూలు, ఒక్కో అంచు తీసే మందం 0.3 మి.మీ. అనుకుంటే, మూడింటినీ గుణించగా నిమిషానికి 10.8 మీటర్ల వేగం వస్తుంది. ఒకే దిగుడులో 30 మీటర్లకు మూడు నిమిషాలు కూడా పట్టదు. మలుపుల దగ్గర వేగం తగ్గడం, రంధ్రాలు వేయడం కలిపినా అయిదారు నిమిషాల్లో షీటు పూర్తవుతుంది. తక్కువ వేగంతో నడిపితే సమయం పోవడమే కాదు, పెచ్చులుగా రావలసిన చెక్క మెత్తని పొడిగా వస్తుంది. పెచ్చులతో పాటు బయటికి పోవలసిన వేడి టూలులోనే నిలిచి, దాని అంచు త్వరగా మొద్దుబారుతుంది. ప్లైవుడ్ పొరల మధ్యనున్న జిగురు అసలే టూలును అరగదీసే పదార్థం.

ఇక టూలు మార్చడం. ఒక్క క్యాబినెట్ పక్కపలకకు కోత టూలు, 32 మి.మీ. పద్ధతిలో (రంధ్రాల మధ్య 32 మి.మీ. ఎడం) అరల కోసం 5 మి.మీ. డ్రిల్లు, పలకలను కలిపే మినీఫిక్స్ బిగింపుకు 15 మి.మీ. గుంత, వెనుక షీటు కూర్చునే గాడికి మరో టూలు కావాలి. తలుపుకు 35 మి.మీ. హింజ్ గుంత ఎలాగూ తప్పదు. ఏటీసీ లేని యంత్రంలో ప్రతి మార్పుకూ స్పిండిల్ ఆపి, స్పానర్లతో టూలును పట్టే కాలెట్ విప్పి, కొత్త టూలు బిగించి, దాని పొడవుకు తగ్గట్టు లోతు కొలత మొదలయ్యే చోటును (జీరో) మళ్లీ సెట్ చేయాలి. ఆపరేటరు రెండు రోజులు ఓపిక పడతాడు, మూడో రోజు నుంచి కోత మాత్రమే యంత్రం మీద చేసి, రంధ్రాలు పాత పద్ధతిలో చేతి డ్రిల్లుతో వేయడం మొదలుపెడతాడు. క్యాబినెట్ పనిలో రౌటర్ ఇచ్చే అసలు మేలు కోత కంటే రంధ్రాల కచ్చితత్వమే కదా. ముందంచు నుంచి 37 మి.మీ. దగ్గర పడవలసిన వరుస ప్రతి పలకలోనూ అక్కడే పడితే, బిగింపు రోజున మేస్త్రి ఒక్క తలుపునూ సరిచేయనవసరం లేదు. ఆ మేలే చేజారితే ఇక యంత్రం దేనికి?

క్లాంపుల బల్ల మరో ఇబ్బంది. షీటు చుట్టూ బిగించిన క్లాంపులు, ముక్కలు విడిపోగానే లోపలి ముక్కలను పట్టి ఉంచలేవు. ముక్కకూ ముక్కకూ మధ్య ట్యాబులు (కోయని చిన్న భాగాలు) వదిలి, తర్వాత చేత్తో తెంపి, అంచు మళ్లీ సాపు చేయాలి. వాక్యూమ్ బల్లకూ హద్దులు ఉన్నాయి, దాచను. గాలి పీడనం చదరపు సెంటీమీటరుకు సుమారు 1 కిలో. పంపు అందులో సగం నిలపగలిగితే 60×40 సెం.మీ. పలక మీద 1,200 కిలోల ఒత్తిడి ఉంటుంది, 8×10 సెం.మీ. చిన్న ముక్క మీద 40 కిలోలే. అందుకే చిన్న ముక్కలు జారుతాయి. వాటిని షీటు మధ్యలో పెట్టుకోవాలి, మొదటి దిగుడులో అడుగున అర మి.మీ. పొర వదిలి, రెండవసారి దాన్ని తెంచాలి. బల్లకు టూలు తగలకుండా షీటు కింద స్పాయిల్ బోర్డుగా వేసే ఎండీఎఫ్‌కు రెండు వైపులా పై పొర తీసివేసి, చుట్టూ అంచులకు సీలర్ పూస్తేనే గాలి నిలుస్తుంది.

జవాబు 3 (ప్రొద్దుటూరు, ప్యానెల్ సా వాడుతున్నవారు)

ఈ చర్చలో ఒక ప్రాథమిక విషయం తప్పిపోతోంది. వంటగది క్యాబినెట్‌లో నూటికి తొంభై పాళ్లు నలుచదరపు ముక్కలే. వాటికి స్లైడింగ్ టేబుల్ ప్యానెల్ సా, అంచులకు టేపు అంటించే మంచి ఎడ్జ్ బ్యాండర్ చాలు. రౌటర్ టూలు దాదాపు 10 మి.మీ. మందం తినేస్తుంది, రంపం 3 మి.మీ. పైచిలుకు మాత్రమే తింటుంది. 1,220 మి.మీ. వెడల్పు షీటులో 600 మి.మీ. ముక్కలు రెండు తీయాలంటే మిగిలేది 20 మి.మీ. రంపానికి రెండు అంచులు, మధ్యది కలిపి మూడు కోతలూ అందులో సరిపోతాయి. రౌటర్‌తో అవే మూడు కోతలు టూలు పూర్తి మందంతో వేయాలంటే 30 మి.మీ. కావాలి.

ఇంకొక మాట. కర్నూలు మిత్రులు ఇప్పుడు ముక్కలు కోశాక మైకా అతికిస్తున్నామని రాశారు. రౌటర్ కొంటే ఆ క్రమం తిరగబడాలి. షీటు మొత్తానికి లోపలి లైనర్, బయటి మైకా ముందే అతికించి ప్రెస్‌లో ఉంచాలి, ఆ తర్వాతే బల్ల మీదికి ఎక్కించాలి. లేదా పై పొర ముందే అతికించి వచ్చే ప్రీల్యామ్ బోర్డుకు మారాలి. ప్రెస్ ఖర్చు రెండు కొటేషన్లలోనూ లేదు. ఎడ్జ్ బ్యాండర్ సంగతి సరేసరి. అయిదు నిమిషాల్లో కోసిన షీటు ముక్కలకు చేత్తో టేపు అంటిస్తూ కూర్చుంటే గడువు సమస్య ఎక్కడికీ పోదు, కోత బల్ల దగ్గరి నుంచి అంచుల బల్ల దగ్గరికి మారుతుంది, అంతే.

జవాబు 4 (అనంతపురం, మాడ్యులర్ క్యాబినెట్ యూనిట్)

మైకా గురించి ప్రొద్దుటూరు మిత్రులు చెప్పినది చాలా ముఖ్యమైన విషయం, నేనే ముందు రాయవలసింది. ఎడ్జ్ బ్యాండర్ రౌటర్ కంటే ముందు రావాలన్నదీ ఒప్పుకుంటాను. రెండు వైపులా మైకా ఉన్న షీటుకు కంప్రెషన్ టూలు తప్పనిసరి. దాని కింది భాగం చెక్కను పైకి, పై భాగం కిందికి లాగడం వల్ల రెండు ముఖాల మీదా అంచు పెచ్చు లేవదు. కానీ ఆ టూలు నిజంగా పనిచేసేది తగినంత లోతుకు ఒకే దిగుడులో దిగినప్పుడే. మూడు పలచని దిగుళ్లలో మొదటిదే పై మైకాను పెచ్చులు లేపుతుంది. చిన్న స్పిండిల్ మీద నాకున్న అభ్యంతరాల్లో ఇది పెద్దది.

ప్యానెల్ సా విషయంలో మాత్రం విభేదిస్తాను. రంపంతో కోసిన పలక ఇంకా సగం పనే. దాని మీద గుర్తులు పెట్టాలి, రంధ్రాలు వేయాలి, గాడి తీయాలి. గుర్తులు పెట్టే పని అనుభవజ్ఞుడైన మేస్త్రి తప్ప మరొకరు చేయలేరు. గడువు తప్పుతున్నది అక్కడే అయితే రంపం వేగం ఎంత పెంచినా ఫలితం ఉండదు. కర్నూలు సోదరులు ఒక వారం పాటు ఏ బల్ల దగ్గర ముక్కలు పేరుకుపోతున్నాయో గమనించి రాస్తే, ఎవరి మాట నిజమో తేలిపోతుంది. రౌటర్‌కు లేని సామర్థ్యం ఒకటి కూడా చెప్పాలి. పలక మందంలోకి, అడ్డంగా, 8 మి.మీ. రంధ్రం మామూలు మూడు అక్షాల రౌటర్ వేయలేదు. మినీఫిక్స్ వాడేవారికి ప్రత్యేకమైన బోరింగ్ యంత్రం గాని, జిగ్ గాని కావలసిందే. లేదంటే రౌటర్‌తోనే గాడులు తీసి, పలకను గాడిలో కూర్చోబెట్టి స్క్రూలు వేసే పద్ధతికి మారవచ్చు. ఆ పద్ధతిలో 18 మి.మీ. అని అమ్మే ప్లైవుడ్ మందం ఒక్కో లాటుకు మారుతుంది కనుక, ప్రతి లాటునూ వెర్నియర్‌తో కొలిచి గాడి వెడల్పు సరిచేసుకోవాలి. లోతు జీరోను షీటు పైముఖం మీద కాక బల్ల మీద తీసుకోవాలి.

జవాబు 5 (కడప, తలుపుల చెక్కుడు పని)

నా అభిప్రాయం మారలేదు. మన దగ్గర ఇంకా చాలామంది గృహస్థులు ప్లైవుడ్ తామే కొనిచ్చి, చదరపు అడుగు లెక్కన కూలి మాట్లాడుకుని, ఇంట్లోనే పని చేయించుకుంటున్నారు. గోడలు తిన్నగా ఉండవు, మూలలు తొంభై డిగ్రీలు ఉండవు. షాపులో కచ్చితంగా కోసిన పెట్టె అక్కడ కూర్చోకపోతే మళ్లీ రంపమే గతి. అటువంటి మార్కెట్‌లో పెద్ద అప్పు తలకెత్తుకోమని చెప్పడానికి నాకు ధైర్యం చాలదు.

ప్రశ్నించినవారు (కర్నూలు)

అందరికీ కృతజ్ఞతలు. మా పనిలో సగానికి పైగా షాపులోనే తయారుచేసి తీసుకెళ్లి బిగించేదే. గోడ పక్కన ఫిల్లర్ పట్టీ వదులుతాం కనుక వంకర గోడలతో పెద్ద ఇబ్బంది లేదు. ముక్కలు పేరుకుపోయేది డ్రిల్లింగ్, టేపు బల్లల దగ్గరేనని చూడకుండానే చెప్పగలను, అయినా గమనించి రాస్తాను. కరెంటు, సర్వీసు, సాఫ్ట్‌వేర్ గురించి కూడా ఎవరైనా చెప్పగలరా?

జవాబు 6 (అనంతపురం, మాడ్యులర్ క్యాబినెట్ యూనిట్)

స్పిండిల్ 9 కిలోవాట్లు, వాక్యూమ్ పంపు ఒక 7.5, దుమ్ము లాగే యంత్రం, కంప్రెసర్, సర్వో డ్రైవులు అన్నీ కలిపితే 25 కిలోవాట్ల దాకా వస్తుంది. యంత్రానికి అడ్వాన్సు ఇచ్చే ముందే విద్యుత్ పంపిణీ సంస్థ ఎస్‌పీడీసీఎల్‌లో మూడు ఫేజుల అదనపు లోడుకు దరఖాస్తు పెట్టండి. ఎర్తింగ్ గుంత యంత్రానికి విడిగా తీయించండి. కోత మధ్యలో కరెంటు పోతే వాక్యూమ్ వదిలి షీటు కదులుతుంది కనుక, వచ్చాక ఆగిన చోటి నుంచే కొనసాగించకుండా షీటు స్థానం సరిచూసుకోవాలి. మన ఎండల్లో కంట్రోల్ ప్యానెల్‌కు కూలింగ్ యూనిట్ ఉండాలి. దుమ్ము లోపలికి పీల్చే మామూలు ఫ్యాన్ వద్దు. ఏటీసీకి పొడి గాలి కావాలి కాబట్టి కంప్రెసర్‌కు డ్రయ్యర్ అవసరం.

దుమ్ము లాగే యంత్రాన్ని ధర తగ్గించుకోవడానికి తీసేయించవద్దని చేతులెత్తి కోరుతున్నాను. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ చెక్క దుమ్మును 1995లోనే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. ఆ దుమ్ములో రోజంతా నిలబడేది మన మేస్త్రులే.

సర్వీసుకు మీకు హైదరాబాదు, మాకు బెంగళూరు దగ్గర. రెండూ 44వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 200 కిలోమీటర్ల పైచిలుకు దూరం. కాబట్టి ధర కంటే ముందు, ఇంజనీరు ఏ ఊరిలో ఉంటాడో, డ్రైవులు, సెన్సార్లు అక్కడ నిల్వ ఉంటాయో లేదో అడగండి. సాఫ్ట్‌వేర్ విషయంలో చెక్కుడుకు వాడే ప్రోగ్రాము క్యాబినెట్లకు చాలదు. చాలా షాపుల్లో ఇంకా నడుస్తున్న ఆర్ట్‌క్యామ్‌ను ఆటోడెస్క్ 2018లోనే అమ్మడం మానేసింది. పెట్టె కొలతలు ఇస్తే ముక్కలు, రంధ్రాలు, లేబుళ్లు తానే తయారుచేసే ప్రోగ్రాము కావాలి. దాని లైసెన్సు, శిక్షణ కొటేషన్‌లో రాయించుకోండి. జీఎస్టీలో చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే కాంపొజిషన్ పథకంలో ఉంటే యంత్రం మీద కట్టిన పన్ను క్రెడిట్ రాదు కనుక, ఆడిటర్‌ను అడిగాకే బిల్లు వేయించుకోండి.

ట్రయల్‌కు వెళ్లేటప్పుడు వాళ్లు చూపించే ఎండీఎఫ్ మీద కోత చూసి రావద్దు. మీరు వాడే ప్లైవుడ్‌కే రెండు వైపులా మైకా వేయించిన షీట్లు తీసుకెళ్లి, మీ వంటగది డ్రాయింగే కోయించండి. రెండు మూలల మధ్య ఐమూలగా కొలిచి చూడండి, ఒకే ముక్కను బల్ల నాలుగు మూలల్లోనూ కోయించి ఒకదానిమీద ఒకటి పెట్టి పోల్చండి, 35 మి.మీ. గుంతలో మీ హింజ్ పెట్టి చూడండి. అన్నిటికంటే చిన్న డ్రాయరు ముక్కను షీటు అంచున పెట్టి కోయించి, అది కదిలిందో లేదో వచ్చాక ఇక్కడ రాయండి.