స్టేజీ మీద మెప్పించిన నటుడు ఫోన్ కెమెరాలో ఎందుకు ‘ఓవర్’ అవుతున్నాడు?

బాలసముద్రం బ్యాచ్:
అందరికీ నమస్తే. మా మధ్య ఓ పంచాయితీ నడుస్తోంది, మీరే తెంపాలి.

మేం నలుగురం కలిసి 14 నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీశాం. ఖిలా వరంగల్‌లో ఓ పాత పెంకుటింట్లో, మూడు రాత్రులు, మొత్తం ఫోన్‌తోనే. కథలో తాత పాత్ర ముఖ్యం. కొడుకు ఇల్లు అమ్ముతున్నాడని మనవడి నోట విని, ఏమీ అనకుండా కూర్చుండిపోయే మనిషి. ఆ పాత్రకు ఓ నాటకాల పెద్దాయనను బతిమాలి తెచ్చుకున్నాం. 40 ఏళ్లుగా స్టేజీ ఎక్కుతున్నారు. పద్యం ఎత్తుకుంటే మైకు అక్కర్లేదు. హన్మకొండ పబ్లిక్ గార్డెన్‌లోని నేరెళ్ల వేణుమాధవ్ కళాప్రాంగణంలో ఆయన నాటకం చూసి వెనక వరుసలో కూర్చుని ఏడ్చినవాణ్ణి నేను.

ఎడిటింగ్ అయ్యాక దోస్తులను పిలిచి టీవీలో వేసి చూపించాం. ఏడవాల్సిన చోట సగం మంది నవ్వారు. “తాత ఓవర్ చేసిండు” అన్నారు. మా ఎడిటర్ వేరే ఎవరినైనా పెట్టి మళ్లీ తీద్దాం అంటున్నాడు. తప్పు ఆయనది కాదు, మన ఫోన్‌ది అని నేను. మీరేమంటారు? స్టేజీ నటుడు కెమెరాకు పనికిరాడా?

ఎడిటింగ్ టేబుల్:
ఆ ఎడిటర్ని నేనే. వీడు చెప్పని సంగతులు నేను చెప్తా.

పెద్దాయన మీద గౌరవం లేక కాదు. కానీ మూడు గంటల పైచిలుకు ఫుటేజీని ముందుకీ వెనక్కీ తిప్పి చూసినవాణ్ణి. మనవడు “ఇల్లు అమ్ముతున్నరంట తాతా” అనాలి. వాడు “ఇల్లు” అనగానే ఈయన ముఖం మాడిపోతుంది. అమ్మకం మాట ఇంకా రానేలేదు! స్క్రిప్టు తెలుసు కాబట్టి బాధ ముందే వచ్చి కూర్చుంది. తర్వాత తల ఎత్తి మనవడిని కాకుండా ఫోన్‌కు కాస్త పైన, ఎవరూ లేని చోటుకు చూస్తారు. అక్కడ ఆయనకు బాల్కనీ కనిపిస్తోందని నా అనుమానం. డైలాగ్ అయ్యాక ఒక క్షణం ఆగుతారు. అది చప్పట్ల కోసం ఆగడం. నేను ఎక్కడ కట్ చేసినా ఆ ఆగడం మిగులుతోంది. ఏ లెన్సు మారిస్తే పోతుంది ఇది?

లష్కర్ బజార్ ఫోటోలు:
తమ్మీ, ముందు ఒక్కటి చెప్పు. క్లోజప్ తీసేటప్పుడు ఫోన్ ఆయన ముఖానికి ఎంత దూరంలో పట్టుకున్నరు? జూమ్ వాడినరా?

బాలసముద్రం బ్యాచ్:
అడుగు, అడుగున్నర ఉంటుందన్నా. జూమ్ వాడితే క్వాలిటీ పోతుందని 1ఎక్స్‌లోనే తీశాం. రూమ్ కూడా ఇరుకు.

లష్కర్ బజార్ ఫోటోలు:
అనుకున్నా. 22 ఏళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్నా, ఈ కథ రోజూ చూసేదే.

ఫోన్‌లో మెయిన్ కెమెరా అంటే పాత కెమెరాల లెక్కలో దాదాపు 24, 26 ఎంఎం లెన్సు. వెడల్పు లెన్సు. గ్రూప్ ఫోటోకు బంగారం. దాంతో ముఖం ఫ్రేమ్ నిండా రావాలంటే మనిషి మీద పడాల్సిందే. తంటా అంతా అక్కడుంది. ముక్కు కొన నుంచి చెవి దాకా నాలుగున్నర అంగుళాలు అనుకో. ఫోన్ ముక్కుకు 12 అంగుళాల దూరంలో ఉంటే చెవి పదహారున్నర అంగుళాల దూరంలో ఉన్నట్టు. అంటే చెవితో పోలిస్తే ముక్కు 37 శాతం పెద్దగా పడుతుంది. అదే ఆరడుగుల నుంచి తీస్తే ఆ తేడా 6 శాతమే.

ఇది ఫోటో సంగతి. వీడియోలో ఇంకా ఘోరం, ఎందుకంటే మనిషి కదులుతాడు. బాధతో రెండంగుళాలు ముందుకు వంగాడనుకో. ఆరడుగుల దూరం నుంచి చూస్తే వంగినట్టే తెలియదు. అడుగు దూరంలో ఉన్న ఫోన్‌లో ముఖం ఉన్నట్టుండి 20 శాతం పెరుగుతుంది. ఆయన వంగిండు, మీకేమో మీద పడ్డట్టు కనబడ్డది. చెయ్యి ఎత్తితే అరచెయ్యి తలకాయంత అయితది. నవ్వకేం చేస్తరు? పెళ్లికూతుర్ని ఇట్లా తీస్తే ఆల్బమ్ డబ్బులు కూడా రావు.

ఇల్లు ఇరుకంటే వాకిట్లోకి పోయి గుమ్మంలోంచి తీయాలె. 2ఎక్స్ లేదా 3ఎక్స్ పెట్టి ఎనిమిదడుగుల నుంచి తీయండి, తర్వాత మాట్లాడుకుందాం.

కాజీపేట ప్యాసింజర్:
మా బామ్మర్ది ముక్కు సెల్ఫీలో అంత పెద్దగా ఎందుకుంటుందో ఇన్నాళ్లకు తెలిసింది. పాపం వాడు ఆపరేషన్‌కు ఎంతవుతుందని అడుగుతున్నాడు.

గ్రీన్‌రూమ్ అక్క:
నేను 11 ఏళ్లు స్టేజీ చేశా, తర్వాత రెండు సీరియళ్లలో చిన్న వేషాలు వేశా. కాబట్టి రెండు వైపులా దెబ్బలు తిన్నదాన్నే.

ఎడిటర్ తమ్ముడు “చప్పట్ల కోసం ఆగడం” అని తేలిగ్గా అనేశాడు. స్టేజీ నటుడు కొత్త హాల్లో అడుగు పెట్టగానే ముందు చూసేది చివరి కుర్చీ ఎక్కడుందా అని. గొంతు ఎంత పెంచాలి, చెయ్యి ఎంత లేపాలి అన్నది దాన్నిబట్టే కొలుచుకుంటాడు. కాళోజీ కళాక్షేత్రం లాంటి పెద్ద హాలుకు ఒక కొలత, కాలేజీ సెమినార్ హాలుకు ఇంకో కొలత. మీ సెట్‌లో చివరి కుర్చీ అడుగున్నర దూరంలో ఉందని ఆయనకెవరైనా చెప్పారా? ఫ్రేమ్ ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అన్నది చెప్పారా? “యాక్షన్ సార్” అని ఊరుకుని ఉంటారు.

సీరియల్‌లో మొదటి రోజు నన్నూ అందరూ ఓవర్ అన్నారు. డైరెక్టర్‌కు టైమ్ లేదు. కెమెరా అసిస్టెంట్ ఒకతను మాత్రం ప్రతి షాట్‌కు ముందు తన ఒంటి మీద చెయ్యి పెట్టి “అమ్మా, ఇక్కడి దాకా” అని చూపించేవాడు. ఛాతీ దాకా అంటే చేతులు మర్చిపోయేదాన్ని. ఉత్త ముఖమే అంటే కళ్లతో సరిపెట్టేదాన్ని. మూడో రోజుకు పట్టుబడింది. ఆ అబ్బాయి లేకపోతే నన్ను కూడా “వేరే ఎవరినైనా పెడదాం” అనేవాళ్లే.

ఇంకో మాట. 2023లో వచ్చిన ‘బలగం’ సినిమా చివర పాట పాడిన మొగిలయ్య, కొమురమ్మ దంపతులు మన దుగ్గొండి వాళ్లు. బుడగ జంగాల కళాకారులు. జనం మధ్య నిలబడి గొంతెత్తి పాడి బతికినవాళ్లు. కెమెరా ముందు ఎవరికైనా ఓవర్ అనిపించారా? ఊళ్లల్లో తెరలు కట్టుకుని చూసి ఏడ్చారు.

ఎడిటింగ్ టేబుల్:
అక్కా, ఫ్రేమ్ చెప్పలేదన్నది నిజం. ఆ తప్పు మాదే.

కానీ ‘బలగం’ నా వాదనకే పనికొస్తుంది. ఆ సీన్‌లో వాళ్లు ఎవరికి పాడుతున్నారు? ఎదురుగా కూర్చున్న కుటుంబానికి, ఊరికి. కథలోనే వినేవాళ్లున్నారు. గొంతెత్తడం అక్కడ న్యాయం. మా తాతకు ఎదురుగా ఉన్నది ఒక్క మనవడు, వాడికి పన్నెండేళ్లు.

కులెషోవ్ అని రష్యాలో ఒక దర్శకుడు సుమారు వందేళ్ల కింద ఒక ప్రయోగం చేశాడు. ఒక నటుడి ముఖం ఉన్న ఒకే షాట్‌ను సూప్ గిన్నె పక్కన ఒకసారి, శవపేటిక పక్కన ఒకసారి అతికించి చూపించాడు. చూసినవాళ్లు ఒకచోట ఆకలి ఉందన్నారు, ఇంకోచోట దుఃఖం ఉందన్నారు అని చెప్తారు. ముఖం మాత్రం అదే. సినిమాలో సగం నటన పక్క షాట్ చేసిపెడుతుంది. స్టేజీ మీద పక్క షాట్ ఉండదు కాబట్టి అంతా నటుడే మోయాలి, ఆయన మోస్తున్నాడు. ఫోటోల అన్న చెప్పిన దూరం లెక్క కాదనను. కానీ మాట రాకముందే వచ్చే బాధకు ఎన్ని అడుగులు వెనక్కి పోవాలి?

ములుగు రోడ్:
మీరంతా టీవీలో చూసి తీర్పు చెప్తున్నారు. అసలు మీ ఫిల్మ్ జనం ఎక్కడ చూస్తారు? ఫోన్‌లో, బస్సులో, ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని.

కెమెరా ముందు తగ్గించి చెయ్యాలన్న నియమం థియేటర్ తెర నుంచి వచ్చింది. అక్కడ కన్నే మనిషంత ఉంటుంది, రెప్ప వేస్తే తలుపు వేసినట్టుంటుంది. ఫోన్‌లో మొత్తం ముఖం కలిపి బొటనవేలంత. రీల్స్ చేసే పిల్లలు కనుబొమ్మలు ఎగరేసి చేసేది నటన రాక కాదు, చిన్న తెరలో చిన్న ఎక్స్‌ప్రెషన్ కనిపించదని వాళ్లకు తెలుసు. పెద్దాయన నటన ఉన్నదున్నట్టు ఫోన్‌లో నలుగురికి పంపి చూడండి. ఎంతమంది నవ్వుతారో!

ఎడిటింగ్ టేబుల్:
పంపా. మా అమ్మ ఏడ్చింది. మా చెల్లి నవ్వింది. ఇద్దరూ ఒకే ఫోన్‌లో చూశారు.

కాజీపేట ప్యాసింజర్:
ఫోన్‌ను ఎందుకు తిడుతున్నారు? హాలీవుడ్‌లో సినిమాలకు సినిమాలే ఐఫోన్‌తో తీసేస్తున్నారు కదా. 2015లో ‘టాంజరిన్’ వచ్చింది ఐఫోన్ 5ఎస్‌తోనే.

లష్కర్ బజార్ ఫోటోలు:
వచ్చింది, బాగుంది కూడా. దానికి ఫోన్ ముందు వేరే లెన్సు బిగించారు, ఎక్స్‌పోజర్, అంటే బొమ్మకు ఎంత వెలుతురు పడాలన్నది, మన చేతిలో ఉండే యాప్ వాడారు. ఫోన్‌ను దాని ఇష్టానికి వదిలెయ్యలే.

వెలుతురు సంగతి అడగడం మర్చిపోయా. రాత్రి, ట్యూబ్‌లైట్, తెల్ల పంచె, తెల్ల అంగీ. అంతేనా?

బాలసముద్రం బ్యాచ్:
అంతే అన్నా. ఒక ట్యూబ్‌లైట్, ఒక బల్బు. పంచె ఎట్లా తెలిసింది?

లష్కర్ బజార్ ఫోటోలు:
తాత పాత్రకు పట్టు పంచె కడతవా మరి? చెప్తా విను.

ఫోన్ సెన్సర్ చిన్నది. వెలుతురు తక్కువైతే నాయిస్, అంటే బొమ్మ మీద చుక్కలు చుక్కలుగా మచ్చలు వస్తాయి. ఫోన్ ఊరుకోదు, దాన్ని తుడుస్తుంది. తుడిచేటప్పుడు నాయిస్ ఏదో, కంటి కింది ముడత ఏదో దానికి సరిగ్గా తెలియదు. పెదవి మూల వణుకు కూడా దాంతోపాటే పోతుంది. ఆయన చిన్నగా చేసినవి ఉన్నాయో లేవో మనం చెప్పలేం, ఫోన్ మింగేసి ఉంటది. పెద్దవే మిగిలినయ్. పైగా తెల్ల బట్ట ఫ్రేమ్‌లోకి ఎక్కువ వచ్చినప్పుడల్లా ఫోన్ వెలుతురు తగ్గిస్తుంది, ముఖం నల్లబడుతుంది. స్క్రీన్ మీద ముఖం దగ్గర వేలు అదిమి లాక్ చెయ్యాలె. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చోక్ ఉన్న ట్యూబ్‌లైట్ సెకనుకు వందసార్లు మిణుకుతుంది, వీడియోలో అది కదిలే చారల్లా పడుతుంది. షటర్ 50వ వంతు సెకను దగ్గర పెట్టి, సెకనుకు 25 ఫ్రేములతో తీస్తే వెనక గోడ మీద ఆ చారలు కదలవు.

ఇంకొకటి. చీకట్లో 3ఎక్స్ నొక్కినా చాలా ఫోన్లు ఆ లెన్సు వాడవు, మెయిన్ కెమెరా బొమ్మనే కోసి చూపిస్తాయి. అందుకే పగలు తీయండి.

ఎడిటింగ్ టేబుల్:
ఆ వణుకు మాట మాత్రం తగిలింది. నాలుగో టేక్‌లో పెద్దాయన పెదవి వణికిందని, ఎదురుగా నిలబడి చూశానని వీడు ఒట్టేసి చెప్తున్నాడు. ఫైల్‌లో నాకు ఎక్కడా దొరకలేదు. అబద్ధం అనుకున్నా.

గ్రీన్‌రూమ్ అక్క:
తమ్ముడూ, ముందే వచ్చే బాధకు నా దగ్గర ఓ చిట్కా ఉంది. మనవడి డైలాగ్ ప్రతి టేక్‌కు మార్చండి, ఆయనకు చెప్పకండి.

బాలసముద్రం బ్యాచ్:
నిన్న మళ్లీ వెళ్లాం. పొద్దున తొమ్మిదింటికి, తలుపులు, కిటికీలు బార్లా తెరిచి. ఫోన్ ట్రైపాడ్ మీద పెట్టి వాకిట్లోంచి, దాదాపు ఎనిమిదడుగుల దూరంలో, 3ఎక్స్.

అక్క చెప్పిన చివరి కుర్చీ మాట ముందుగా పెద్దాయనకు చెప్పా. ఆయన ఏమీ అనలేదు. లేచి ఫోన్ దాకా వచ్చి, అక్కడ నిలబడి తన కుర్చీ వైపు చూసి, అడుగులు కొలుచుకుంటూ వెనక్కి వెళ్లి కూర్చున్నారు. “గీ ముచ్చట అప్పుడే చెప్పద్దా బిడ్డా” అన్నారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

చేతులు ముఖానికి అడ్డం పెట్టుకునే సీన్ ఈసారి ఎవరికీ నవ్వు రాలేదు. అదే నటన, అదే చెయ్యి. అది పూర్తిగా దూరం తప్పే. ఫోటోల అన్నకు దండం.

ఇల్లు అమ్మే సీన్ వేరే కథ. మొదటి రెండు టేకులు ఎడిటర్ చెప్పినట్టే, బాధ ముందే వచ్చింది. మూడో టేక్‌లో పిల్లగాడికి చెవిలో వేరే మాట చెప్పి పంపా. వాడు పోయి “తాతా, అన్నం తిన్నవా?” అన్నాడు. పెద్దాయన వాడి వైపు తిరిగి, ఏం చెప్పాలో తెలియక, కాసేపు వాణ్ణే చూస్తూ ఉండిపోయారు. ఫిల్మ్ మొత్తంలో నాకు బాగా నచ్చిన షాట్ అదే.

చిక్కేమిటంటే ఆయనకు అది అస్సలు నచ్చలేదు. ఫోన్‌లో చూసి “ఇండ్ల నేనేం చేసిన? ఊకె కూసున్న, గంతే గదా” అన్నారు. పాతదే వెయ్యమంటున్నారు. మరీ గట్టిగా అడుగుతున్నారు.

గ్రీన్‌రూమ్ అక్క:
నేనైనా అదే అడిగేదాన్ని. తెలియకుండా దొరికింది నా నటన అని ఎట్లా ఒప్పుకుంటాం? చిట్కా చెప్పింది నేనే, కానీ ఆయనకు ముందు ఒక మాట చెప్పి ఉంటే బాగుండేది. ఆయన అడిగితే నా పేరు చెప్పెయ్, తిట్లు నేను పడతా.

ములుగు రోడ్:
ఆయన ముఖం ఆయనది. ఆయనకు నచ్చింది వెయ్యండి.

ఎడిటింగ్ టేబుల్:
పేరు దర్శకుడిది పడుతుంది, నవ్వులు కూడా వాడికే పడతాయి. నేను మూడో టేక్ వైపే. కానీ పెద్దాయనను నొప్పించి వెయ్యను.

ఒకటి చేద్దాం. అన్నీ తెచ్చి ఇవ్వు. వాట్సాప్‌లో పంపకు, నలిపేస్తది. పెన్‌డ్రైవ్‌లో తే. మూడో టేక్ చూపు ఉంచి, పాత డైలాగ్‌కు ముందు అతికిస్తా. చప్పట్ల కోసం ఆగే చోట మనవడి క్లోజప్ వేస్తే ఆ ఆగడం వాడి ముఖం మీదికి పోతుంది. అది కుదిరితే ఆయనకు కూర్చోబెట్టి చూపిద్దాం.

బాలసముద్రం బ్యాచ్:
మనవడి క్లోజప్ కూడా అడుగున్నర నుంచే తీశాం రా.